అల్ కుసైస్ వెనక దారి

అల్ కుసైస్‌లో నేను ఆరేళ్లున్నాను, 2002 నుంచి 2008 దాకా. ఇంటికి ఫోన్ చేస్తే దుబాయ్‌లో ఉన్నామనే చెప్పేవాళ్లం. అబద్ధం కాదు, అదీ దుబాయే. కానీ దుబాయ్ అనగానే ఊళ్లోవాళ్లు ఊహించుకునే మేడలు మా కిటికీలోంచి కనిపించేవి కావు. మాకు కనిపించేవి దిగుతున్న విమానాల పొట్టలు. ఒక పక్క విమానాశ్రయం గోడ, ఒక పక్క షార్జా హద్దు, ఒక పక్క ఫ్యాక్టరీ షెడ్లు, షెడ్ల వెనక కార్మికుల క్యాంపులు, క్యాంపుల వెనక ఊరి చెత్తంతా పోసే గుట్ట. వీటి మధ్య మిగిలిన ఇసుకలో కట్టిన నాలుగంతస్తుల భవనాలు మా పేట. గాలి గుట్ట వైపు నుంచి వీచిన రోజు బాల్కనీలో బట్టలు ఆరేసేవాళ్లం కాదు.

ఆ పేట చరిత్ర నాకు ఉద్యోగం వల్ల తెలిసింది. క్రీక్, అంటే ఊరిని రెండుగా చీల్చే సముద్రపు పాయ, దాని అవతల బర్ దుబాయ్‌లో ఒక ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. రోడ్లూ మురుగు పైపులూ గీయడం నా పని. మా ఆఫీసు బీరువాలో పాత మ్యాపుల షీట్లు చుట్టలుగా ఉండేవి. అన్నిటికన్నా పాతదాంట్లో మా ఇల్లు ఉండాల్సిన చోట చుక్కలున్నాయి. చుక్కలంటే ఇసుక. వాటి మధ్య నుంచి షార్జా వైపు పోయే ఒక బండి బాట, అంతే. తర్వాతి షీట్లో చెత్తగుట్ట వచ్చింది. ఆ తర్వాత షెడ్లు, షెడ్లలో పనిచేసేవాళ్లకు క్యాంపులు. స్థలం ఇంకా బోలెడు మిగిలింది కాబట్టి మన దేశపు బడులకు అక్కడ జాగాలిచ్చారు. బడులున్నాయి కాబట్టి పిల్లలున్న సంసారాలు వచ్చాయి. ఎక్కడైనా ముందు ఇళ్లు వస్తాయి, ఇళ్లవాళ్లకు అక్కర్లేనివి తర్వాత ఊరి బయటికి పోతాయి. మా పేటలో బయటికి నెట్టినవే ముందొచ్చాయి. మనుషులు వాటి పక్కకి అద్దె తక్కువని వచ్చారు.

చరిత్ర అంత కురచ కావడంతో అక్కడ ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ఎదురు ఫ్లాట్ మనిషి పోయినేడు వచ్చాడు, మనం అంతకు ముందేడు వచ్చాం. గుమ్మం ముందు చెప్పుల జతలు చూసి లోపల ఒక సంసారమా, రెండా, బ్యాచిలర్లా అని ఊహించుకునేవాళ్లం. నేను ఆ ఊహల్లో దిట్టని. ఎవరి గురించీ ఏమీ తెలియకపోయినా ఒక అభిప్రాయం మాత్రం నా దగ్గర తయారుగా ఉండేది. దాన్ని నేను జాగ్రత్త అనుకునేవాణ్ణి.

పేటలో నిద్రపోవడానికి చోటుంది గానీ ఉద్యోగాలు లేవు. అవన్నీ క్రీక్ అవతల. దాటడానికి ఉన్న వంతెనలు కొన్నే, వాటి మీదికి ఊరంతా ఒకేసారి వస్తుంది. బస్సులు తక్కువ. పొద్దున పూట వంతెన దాటాలంటే టాక్సీవాళ్లు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాళ్లు. అందుకని మా పేట కార్ లిఫ్టుల మీద బతికింది. కారున్నవాడు తను ఎలాగూ పోయే దారిలో ముగ్గురు నలుగురిని ఎక్కించుకుంటాడు, నెలకింతని పుచ్చుకుంటాడు. అది నేరం. టాక్సీ లైసెన్సు లేకుండా డబ్బుకి మనుషుల్ని మోయకూడదు. బంధువుల్ని ఊరికే ఎక్కించుకుంటే ఎవరూ తప్పు పట్టరు. కాబట్టి పొద్దున ఆరింటికి మా పేట నుంచి బయల్దేరే కార్ల నిండా బంధువులే.

నేనెక్కే కారు జగిత్యాలాయనది. పేర్లు అందరికీ తెలిసినా ఆ కార్లో ఊళ్లతోనే చెప్పుకునేవాళ్లం. ఆయన క్రీక్ అవతలే, అల్ కూజ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. నలభై అయిదేళ్లుంటాయి. మా వెనక వీధిలో భార్యతో, ఒక్కగానొక్క కూతురితో ఉండేవాడు. మాతో పాటు ఎక్కేది పాలకొల్లు సిస్టర్, మా పక్క భవనంలో ఉండే నర్సు. ఆమె ఏడింటికల్లా వార్డులో ఉండాలి. భర్తకి షార్జాలో ఆఫీసు ఉద్యోగం, అంటే రోజూ మాకు ఎదురు దిక్కు ప్రయాణం. ఇక నేను విజయవాడ. జగిత్యాలాయన నన్ను సార్ అనేవాడు. అలా అనమని నేనెప్పుడూ చెప్పలేదు. అనొద్దని కూడా చెప్పలేదు. ముందు సీట్లో సార్‌లాగే కూర్చునేవాణ్ణి.

ఆయన అంతకు ముందు ఒకసారి దొరికాడు. ఫైన్ కట్టించుకుని వదిలేశారు. కఫీల్, అంటే ఆయన వీసా ఎవరి చేతిలో ఉందో ఆ యజమాని, పిలిచి ఒకే ముక్క చెప్పాడట: ఇంకోసారి అయితే ఖలాస్. వీసా పోతే భార్యాబిడ్డలవీ పోతాయి. కూతురు పదో తరగతి. మార్చిలో బోర్డు పరీక్షలు. 2007 ఎండాకాలం నుంచీ ఆయన నోట రోజుకొకసారి ఆ మాట వచ్చేది.

"మార్చి దాటితె సాలు సార్. తర్వాత ఈ లిఫ్టు బంద్ చేస్త. పదో తరగతి నడుమల పిల్లను తీస్కపోయి యాడ ఏస్తం?"

ఒక పొద్దున సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాడు. "గిప్పుడు ఆపిన్రనుకోండ్రి, ఏం చెప్తరు?"

"మీ ఫ్రెండ్‌నని చెప్తాను," అన్నాను.

"ఫ్రెండంటె నమ్ముతలేరు సార్. అందరు గదే చెప్తున్నరు. ఒక్కొక్కల్ని పక్కకు పిలిచి బిడ్డ పేరేంది, ఇంట్ల అర్రలెన్ని, అన్ని అడుగుతున్నరట. సుట్టాలైతెనే ఖాయం. సిస్టర్ నా చెల్లె. మీరు నా బామ్మర్ది."

వెనక సీట్లో కునుకు తీస్తున్న సిస్టర్ కళ్లు తెరిచింది. "ఆగండాగండి. నేను మీ చెల్లెల్ని. ఈయన మీ బావమరిది. మరి నాకు వరసకి ఏమవుతారండీ ఈయన?"

జగిత్యాలాయన అద్దంలో ఆమెను చూసి నవ్వు ఆపుకున్నాడు. "బావ."

"అదిగో. ఆ పిలుపు నా నోట రాదు. మావారికి తెలిస్తే క్రిస్మస్ దాకా ఏడిపిస్తారు."

"పోనీ సార్‌ను గూడ నా తమ్మున్ని చేస్త."

"బాగుంది. ఒకే తల్లి పిల్లలు ముగ్గురు. ఒకరిది జగిత్యాల, ఒకరిది విజయవాడ, నాదేమో పాలకొల్లు. మీ అమ్మగారు ఒక్కచోట కుదురుగా ఉన్నట్టు లేదు. పైగా నా కార్డు మీద బైబిల్లో పేరుంది."

"ఆపెటోనికి మన వరసలేం తెలుస్తయి సిస్టర్? మీరు సార్‌ను అన్నా అనుండ్రి, సార్ నన్ను బావా అంటడు. గంతే."

నేనూ నవ్వాను. కానీ లోపల ఒక ముల్లు దిగింది, ఇప్పుడు దాచిపెట్టి లాభం లేదు. ఒక గోడౌన్ స్టోర్‌కీపరు నన్ను బామ్మర్ది అన్నాడు. అబద్ధానికే అన్నాడు, నా ప్రయాణం సాగడానికే అన్నాడు. అయినా ఆ మాట మా ఇంటి గుమ్మం దాకా వచ్చినట్టనిపించింది. ఆ రోజు నుంచి నేను ఆయన్ని పరాయివాణ్ణి చూసినట్టు చూడ్డం మొదలుపెట్టాను.

అలా చూసేవాడికి ఏదో ఒకటి దొరుకుతుంది. వంతెన మీద టోలు మొదలయ్యాక ఆయన దారి మార్చాడు. పెద్ద రోడ్డు వదిలేసి షెడ్ల వెనక నుంచి, క్యాంపుల గోడల పక్క నుంచి తిప్పి తీసుకెళ్లేవాడు. ఎందుకని అడిగితే, "గిటు ట్రాఫిక్ తక్వ సార్," అన్నాడు. ఆఫీసుకెళ్లి షీటు తీసి చూశాను. ఆ దారి ఎక్కడికీ దగ్గర కాదు. తిరిగి తిరిగి మళ్లీ అదే టోల్ గేటు ముందు తేలుతుంది. ఆయన చెప్పింది అబద్ధం. చిన్నదే, కానీ నాకు అది చాలు.

ఆ వెనక దారిలో ఒక గ్యారేజీ ముందు ఆయన రోజూ కారు ఆపేవాడు. "రెండే నిమిషాలు సార్" అని దిగి, డిక్కీ తెరిచి, ఒక నీలం ప్లాస్టిక్ డబ్బా మోసుకుంటూ సగం ఎత్తిన షట్టరు కింద నుంచి లోపలికి దూరేవాడు. ఇరవై లీటర్లు పట్టే డబ్బా. వచ్చేటప్పుడు అలాంటిదే ఖాళీ డబ్బా చేతిలో ఉండేది. కారు మలుపు తిరిగినప్పుడు డిక్కీలోంచి డబ్బా కదిలే చప్పుడు, దాంతో పాటు ఒక వాసన. పులిసిన వాసన. అద్దాలు మూసి ఏసీ వేస్తే ఇంకా గట్టిగా తెలిసేది.

"ఏంటండీ అది?" అని అడిగాను ఒకసారి.

"ఏం లేదు సార్. మనోళ్లకు."

"మనోళ్లకేంటి?"

ఆయన రేడియో పెట్టాడు.

క్యాంపుల్లో దొంగసారా అమ్ముతారని అందరూ చెప్పుకునేవారు. ఎవరో తాగి చూపు పోగొట్టుకున్నాడనీ, ఎవర్నో పట్టుకుని జైల్లో వేశారనీ వినేవాళ్లం. డబ్బాల్లోనే వస్తుందని ఆఫీసులో ఒకాయన అన్నాడు. నాకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. ఇంట్లో చెబితే మా ఆవిడ, "రేపట్నుంచి ఆ కారెక్కకండి," అంది. సరైన మాట. అనుమానం ఉన్నవాడు దిగిపోవాలి. నేను దిగలేదు. ఆ కారు నన్ను ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే ఆఫీసులో దించేది, ఇంకే దారీ అలా దించదు. ఆయన్ని దొంగ అనుకుంటూనే రోజూ ముందు సీట్లో కూర్చున్నాను. అంతేకాదు, మా పేట షీటు ఒకటి జిరాక్స్ తీసి, దాని మీద ఆయన తిరిగే దారిని పెన్సిలుతో గీశాను. గ్యారేజీ దగ్గర చిన్న గుండ్రం. పక్కన ఎన్నింటికి ఆగాడో, ఎంతసేపు ఆగాడో. రెండు నెలలు రాశాను. అది ఎవరికి చూపిద్దామనుకున్నానో నాకే తెలియదు. రాస్తున్నంతసేపూ నేనేదో కాపాడుతున్నానన్న తృప్తి మాత్రం ఉండేది.

ఒకరోజు కారు కోసం ఎదురుచూస్తూ సిస్టర్‌తో అన్నాను, డబ్బాలో సారా ఉందని నా అనుమానమని.

"మీరు తాగుతారా అండీ?"

"లేదు."

"మరి మీకా వాసన ఎలా తెలిసింది?"

"తెలుస్తుంది కదండీ. పులిసిన వాసన."

"దోసెల పిండీ పులుస్తుంది. మీ ముక్కుకి ఏది తగిలినా నేరమేనా? మా వార్డులో మిమ్మల్ని ఒక పూట కూడా ఉంచలేం, నర్సులందర్నీ పట్టించేస్తారు." తర్వాత కొంచెం మెత్తగా అంది. "ఆయన్నే అడగొచ్చు కదండీ."

"అడిగాను. చెప్పలేదు."

"ఒక్కసారి అడిగారు. అదీ పోలీసు అడిగినట్టు అడిగుంటారు."

అప్పుడే కారు వచ్చింది. ఆమె వెనక ఎక్కింది, నేను ముందు ఎక్కాను. అడగలేదు.

2008 జనవరిలో ఒక పొద్దున, షెడ్ల వైపు తిరిగే మలుపులో ఇద్దరు మనుషులు చెయ్యి అడ్డం పెట్టారు. యూనిఫాం లేదు, మెడలో కార్డులున్నాయి, లిఫ్టులు పట్టే తనిఖీవాళ్లు. గ్యారేజీ ఇంకా రాలేదు. డబ్బా డిక్కీలోనే ఉంది. జగిత్యాలాయన కారు పక్కకి తీసి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, నావైపు తిరగకుండా, "సార్, బావా అనుడు మర్వకుండ్రి," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

ముగ్గుర్నీ మూడు చోట్ల నిలబెట్టారు. నా దగ్గరికి వచ్చిన మనిషి పెద్దవాడు, మర్యాదగానే మాట్లాడాడు. నా కార్డు చూసి హిందీలో అడిగాడు, ఈయన నీకేమవుతాడని. పది అడుగుల అవతల సిస్టర్ గొంతు నాకు వినిపిస్తోంది. "మేరా భాయ్ హై. సగా భాయ్." సొంత అన్నేనని. రెండోవాడు ఆమె కార్డు తిప్పి చూస్తూ పేర్లు కలవడం లేదంటున్నాడు. మా వైపు ఆడవాళ్ల పేర్లు పెళ్లయ్యాక మారతాయని ఆమె తడుముకోకుండా చెబుతోంది.

నేను మాత్రం డిక్కీ గురించి ఆలోచిస్తున్నాను. బంధువునని చెబితే, అందులోంచి సారా బయటపడితే, నేనూ అందులో ఉన్నట్టే. నా వీసా, నా ఉద్యోగం, మా ఆవిడ. ఆయన కూతురు ఆ లెక్కలో ఒక్కసారీ రాలేదు. రాలేదని ఇప్పుడు చెప్పగలను, ఎందుకంటే ఆ క్షణాన్ని ఆ తర్వాత చాలాసార్లు వెతికాను. ఆ అమ్మాయి అందులో ఎక్కడా లేదు.

"రిష్తేదార్ నహీ," అన్నాను. "లిఫ్ట్ హై. హర్ మహీనా పైసా దేతా హూ."

అది చెప్పి ఊరుకుంటే భయం అనుకోవచ్చు. ఆ మనిషి రాసుకుని వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి నేనే అన్నాను. "డిక్కీ దేఖ్ లో."

డిక్కీ తెరిచారు. మూత తీసి వాసన చూసిన మనిషి మొహం పక్కకి తిప్పుకున్నాడు. కాసేపటికి పోలీసు కారు వచ్చింది. జగిత్యాలాయన వాళ్లకు అరబ్బీ హిందీ కలిపి ఏదో చెబుతున్నాడు, చేతులతో రుబ్బుతున్నట్టు, కలుపుతున్నట్టు చూపిస్తున్నాడు. వాళ్లు వినడం లేదు. కారెక్కే ముందు నావైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

మమ్మల్ని వెళ్లిపొమ్మన్నారు. సిస్టర్ వెళ్లలేదు. డ్యూటీకి ఫోన్ చేసి, ఆయన భార్యకి కబురు చెప్పడానికి వెనక్కి నడిచింది. నేను పెద్ద రోడ్డుకి వచ్చి, అరగంట నిలబడి, షార్జా నుంచి వస్తున్న ఒక టాక్సీని బతిమాలి ఎక్కాను. ఆఫీసుకి ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆ రోజు నేను బాధపడింది దానికి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ముందుగదిలో నిలబడి ఉంది. "సిస్టర్ ఫోన్ చేసింది. డబ్బాలో అంబలట."

"ఏంటి?"

"అంబలి. రాగి పిండి కాచి, రాత్రంతా పులియబెట్టి, పొద్దున మజ్జిగ కలుపుతారట. గ్యారేజీలో పనిచేసేవాళ్లు ఎనిమిదిమంది వాళ్ల ఊరివాళ్లు. వెల్డింగ్ వేడికి అది తాగితేనే గాని పని చెయ్యలేరట. ఆవిడ రోజూ కాచి పంపేదట. అనుమతి లేకుండా ఇంట్లో వండి పంపడం కూడా తప్పేనని ఎవరికీ చెప్పలేదట."

తైదంబలి అంటారట వాళ్ల వైపు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో అది ఎవరూ కాయలేదు. కాచే ఇళ్లు ఉంటాయన్న ఆలోచన కూడా నాకెప్పుడూ రాలేదు. పులిసిన వాసన అంటే నాకు ఒక్కటే తెలుసు, అదీ ఎవరో చెప్పగా.

సారా కేసు మధ్యాహ్నానికే పోయింది. లిఫ్టు కేసు పోలేదు. దానికి నా మాట సాక్ష్యం. ఆయన్ని వదిలారు గానీ కారు పట్టుకుపోయారు. వారం తిరక్కుండా కఫీల్ వీసా రద్దు చేశాడు. ఆయన, భార్య, కూతురు ముగ్గురూ నెల లోపల దేశం వదలాలి. పరీక్షలకి రెండు నెలలుంది.

అయిదో రోజు సాయంత్రం బెల్లు మోగింది. తలుపు కన్నంలోంచి చూస్తే జగిత్యాలాయన. చేతిలో ఏదో సంచి. తలుపు తియ్యకుండా అలాగే నిలబడ్డాను. గొడవకి వచ్చాడనుకున్నాను, ఒంటరిగా వచ్చాడా, మెట్ల మీద ఇంకెవరైనా ఉన్నారా అని చూశాను. సంచిలో ఏముందా అని చూశాను. అంతా తెలిసిన తర్వాత కూడా నా కళ్లు అదే పని చేశాయి. మా ఆవిడ నన్ను పక్కకి జరిపి తలుపు తీసింది.

"మీ టిఫిన్ డబ్బా సార్," అన్నాడు. "కార్ల ఉండిపోయింది. కార్లయి సామాన్లు తీస్కపొమ్మంటె పోయిన."

డబ్బా కడిగి ఉంది. లోపలికి రమ్మని మా ఆవిడ అంటే, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

నేను క్షమించమని అడగాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరే. "మీరు ముందే చెప్పుంటే..."

"చెప్పాల్సుండె," అన్నాడు. "ఏం లేదు సార్. అంబలి అంటె మీరు నవ్వుతరనుకున్న."

నవ్వేవాణ్ణే.

"మీరు భయపడ్డరు సార్. భయపడితె ఎవలైన గట్లనే జేస్తరు." ఆ మాటకి నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఆయన మెట్లు దిగబోతూ ఆగాడు. "గని డిక్కీ చూడుమనుడు భయం గాదు."

ఆ తర్వాత నేను పొద్దున అయిదుంపావు బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. సిస్టర్ కూడా అదే బస్సు. మొదటి వారం మాట్లాడలేదు. తర్వాత, పక్కన చోటు లేక నా పక్కన కూర్చున్న రోజు, సంగతి చెప్పింది. తల్లిదండ్రులు కూతుర్ని తీసుకుని హైదరాబాదు వెళ్లిపోతున్నారు. నెలాఖరుకి అమ్మాయి ఒక్కతే విజిట్ వీసా మీద తిరిగొచ్చి, సిస్టర్ ఇంట్లో ఉండి పరీక్షలు రాస్తుంది. సిస్టర్ భర్త పేరు మీద దరఖాస్తు పెట్టారు. బంధుత్వం అన్న చోట భార్య అన్నగారి కూతురు అని రాశారు.

"అది అబద్ధం కదండీ. తెలిస్తే మీకు ఇబ్బంది," అన్నాను. నిజంగా ఆమె గురించే అన్నాను, కానీ అన్నాక అది ఎలా వినిపించిందో నాకే తెలిసింది.

"ఎవరు చెప్తారండీ వాళ్లకి?" అంది ఆమె, కిటికీలోంచి చూస్తూ.

వీసా వస్తుందో రాదో ఇరవై రోజులు తెలియలేదు. ఆ ఇరవై రోజులూ నేను రోజూ అడిగేవాణ్ణి, ఆమె రోజూ "ఇంకా లేదు" అనేది. ఫిబ్రవరి చివర్లో వచ్చింది. అమ్మాయి వచ్చింది. ఆ పెన్సిలు గీతల కాయితాన్ని అంతకు ముందే చించేశాను. చించితే పోయేదేమీ కాదది.

మొదటి పరీక్షకి రెండు రోజుల ముందు సిస్టర్ బస్సులో తనంతట తనే పలకరించింది. పరీక్ష సెంటరు పేటకి రెండో చివర వేరే బడిలో పడింది. బడి బస్సు జాబితాలోంచి అమ్మాయి పేరు జనవరిలోనే తీసేశారు. మెట్రో కోసం మా వైపు రోడ్లన్నీ తవ్వి పడేశారు, టాక్సీలు లోపలికి రావడం లేదు. తనకి డ్యూటీ మార్చలేదు, భర్త ఆరింటికే షార్జా వెళ్లిపోతాడు.

"మీకు దారులు తెలుసు కదా. ఆ ఒక్కరోజు నడిపించి తీసుకెళ్తారా?"

"నాతో వస్తుందా?"

"రమ్మంటే వస్తుంది. ఇష్టంగా రమ్మని నేను చెప్పలేనుగా."

సగం రోజు సెలవు పెట్టాను. ముందు రోజు సాయంత్రం ఒకసారి ఆ దారంతా నడిచి చూసుకున్నాను, ఎక్కడెక్కడ రేకులు అడ్డం పెట్టారో, ఎక్కడ సందు ఉందో. పొద్దున అమ్మాయి మెట్ల దగ్గర సిద్ధంగా ఉంది. చేతిలో అట్ట, పారదర్శకంగా ఉన్న పెన్నుల సంచి, అందులో హాల్ టికెట్టు. నమస్తే అంకుల్ అంది. తర్వాత నాలుగడుగులు వెనక నడిచింది, నాకు తను కనిపించదు, తనకి నేను కనిపిస్తాను.

మొదటి మలుపులో ఆగింది. "అంకుల్, బోర్డు అటు చూపిస్తుంది."

"బోర్డు పాతదమ్మా. అటు తవ్వేశారు. ఈ రేకుల పక్క నుంచి వెళ్తే బడుల వీధికి వెళ్తాం."

ఆమె రేకుల దగ్గర కూర్చున్న వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి హిందీలో అడిగింది, బడుల వీధికి ఇటేనా అని. అతను తల ఊపాడు. అప్పుడు వచ్చింది. రెండో మలుపులో ఒక కిరాణా బకాలా ముందు ఆగి, ఆ కొట్టతన్ని అడిగింది. మూడోచోట అడగడానికి ఎవరూ లేకపోతే, అక్కడే నిలబడి, ఎవరో ఒకావిడ పిల్లాడితో వచ్చేదాకా ఆగింది. నేనూ ఆగాను. తొందరపెట్టలేదు. టైము చాలా ఉంది, ఆమె అడగడంలో తప్పేమీ లేదు.

గేటు దగ్గరికి చేరేసరికి పరీక్షకి ఇంకా నలభై నిమిషాలుంది. పిల్లలు గోడ వెంబడి కూర్చుని ఆఖరి పేజీలు తిప్పుతున్నారు. ఏదైనా చెప్పాలనిపించింది. మీ నాన్నకి నేను చేసింది అని మొదలుపెట్టాను.

"ఇప్పుడొద్దు అంకుల్," అంది. "పరీక్షుంది."

నిజమే. ఆ మాట చెప్పుకుని తేలికపడాల్సింది నేను, మోయాల్సింది తను, అదీ పరీక్ష ముందు. ఆగిపోయాను.

"మళ్లీ తీసుకెళ్లడానికి రానా?"

"వద్దు. దారి చూసుకున్నా. ఎల్లుండి మాథ్స్‌కి నేనే వస్తా."

హాల్ టికెట్టు గేటు దగ్గర మనిషికి చూపించి లోపలికి వెళ్లింది. వెనక్కి చూడలేదు. నేను బెల్లు మోగేదాకా అవతలి పక్క నిలబడి, తర్వాత ఆఫీసుకి వెళ్లాను.

మిగతా పరీక్షలన్నిటికీ ఒక్కతే నడిచి వెళ్లింది. ఏప్రిల్‌లో హైదరాబాదు వెళ్లిపోయింది. మంచి మార్కులతో పాసయిందని సిస్టర్ బస్సులో చెప్పింది, నేను అడిగాక.